వేషం ఉన్నంతసేపే చప్పట్లు

(విశాఖపట్నం, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, మిత్రులకు, ఆదివారం సాయంత్రపు సముద్రపు గాలిని వదులుకుని ఈ గదిలోకి వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరున్న మనిషి తాను స్వలింగ ప్రేమికుణ్ణని గానీ, పుట్టినప్పుడు తనకు రాసిన లింగం తనది కాదని గానీ నలుగురిలో చెప్పుకున్నప్పుడు ఆ మనిషి వృత్తి ఏమవుతుంది, ఆ మాట విన్న టెలివిజన్ తన కథల్లో ఏం మార్చుకుంటుంది అన్నది ఇవాళ నాకిచ్చిన విషయం. ముప్పయ్యేళ్లుగా టీవీ కార్యక్రమాల మీద రాస్తున్నవాణ్ణి, అందులో కొంతకాలం ఈ ఊళ్లోనే ఒక కేబుల్ ఛానెల్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిన వైపు నుంచి, అంటే కెమెరాకూ ప్రకటనల లెక్కల పుస్తకానికీ మధ్య నిలబడి చూసిన చోటు నుంచి మాట్లాడతాను.

మొదటి చిక్కు మాటతోనే వస్తుంది. ఇంగ్లీషులో ‘కమింగ్ ఔట్’ అనేదానికి నేనింకా తెలుగులో సరైన మాట వెతుక్కుంటూనే ఉన్నాను. ‘బయటపడటం’ అందామంటే దానికి మన భాషలో రెండు ముఖాలున్నాయి. అప్పుల్లోంచి బయటపడతాం, జబ్బులోంచి బయటపడతాం. దొంగతనమూ బయటపడుతుంది, లంచమూ బయటపడుతుంది. మొదటిది ఊరట, రెండోది అవమానం. ఒక నటుడు తన మనసులోని మాట చెప్పుకున్నప్పుడు ఆయన మొదటి అర్థంలో బయటపడతాడు, మన పత్రికలూ ఛానెళ్లూ మాత్రం ఆ వార్తను రెండో అర్థంలో రాస్తాయి. అలాగే ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట దశాబ్దాలుగా మన వార్తల్లో నడుస్తోంది. సంపర్కం అంటే ఒక చర్య. పెళ్లయిన ఏ దంపతులనూ మనం ‘భిన్నలింగ సంపర్కులు’ అని శుభలేఖ మీద అచ్చు వేయించం కదా. మనిషి జీవితాన్నంతా ఒక చర్యకు కుదించే మాటను వాడుతూ, ఆ మనిషి గురించి మర్యాదగా రాశామని అనుకుంటున్నాం. నేను ఈ ప్రసంగంలో ‘వెల్లడి’ అనీ, ‘స్వలింగ ప్రేమ’ అనీ అంటాను. అవీ పూర్తిగా నప్పేవి కావని నాకు తెలుసు.

విషయంలోకి వెళ్లేముందు మా ఛానెల్‌లో జరిగిన ఒక సంగతి సగం చెబుతాను. రోజూ సాయంత్రం ఫోన్‌లో అడిగిన పాటలు వేసే కార్యక్రమం మాకు ఉండేది. దాన్ని ఒక కుర్రవాడు నడిపేవాడు. ఫోన్ చేసిన పెద్దవాళ్లను ‘అమ్మా’, ‘పిన్నీ’ అంటూ, వాళ్ల మోకాళ్ల నొప్పుల దగ్గర నుంచి మనవడి పరీక్షల దాకా అడిగేవాడు, ఆ తర్వాతే పాట. తాను మగవాళ్లనే ప్రేమిస్తానని అతను ఆఫీసులో ఒక్కరితో, నమ్మకం మీద చెప్పుకున్నాడు. ఆ మాట ఎటు తిరిగి ఎటు చేరిందో గానీ, కార్యక్రమానికి ప్రకటన ఇచ్చే బట్టల దుకాణం యజమాని ఒకరోజు వచ్చి, “నాకేం అభ్యంతరం లేదండీ, మా కస్టమర్లు ఒప్పుకోరు” అన్నారు. పై నెల నుంచి ఆ కుర్చీలో మరొక యాంకర్ కూర్చుంది. ఆయన ఏ కస్టమర్‌నూ అడగలేదు. మేమూ అడగలేదు. ఇందులో నా నోరు కూడా మూసుకునే ఉంది. మిగతా సగం చివర చెబుతాను.

‘నాకేం అభ్యంతరం లేదు, వాళ్లు ఒప్పుకోరు’ అన్న ఈ వాక్యమే ప్రపంచమంతటా తారల వెల్లడికి వెల కడుతోందన్నది నేను మీకు చెప్పదలచుకున్న మాట. దానికి అందరూ ఉదహరించే కథను కాస్త తీరిగ్గా చూద్దాం.

అమెరికాలో ఎలెన్ డిజెనరస్ అనే హాస్యనటి ఏబీసీ ఛానెల్‌లో తన పేరే పెట్టుకున్న ధారావాహికలో ఒక పుస్తకాల దుకాణం నడిపే యువతి పాత్ర వేసేది. ఆ పాత్రకు ఏ మగవాడి మీదా ప్రేమ కుదరడం లేదని పైవాళ్లు విసుక్కుంటే, పోనీ ఒక కుక్కపిల్లనైనా పెంచుకోనివ్వండి అని ఎవరో సలహా ఇచ్చారట. అందుకే అసలు విషయం బయటకు పొక్కకుండా రాసుకున్న ఆ భాగానికి ‘కుక్కపిల్ల ఎపిసోడ్’ అని మారుపేరు పెట్టారు, అదే పేరుతో అది చరిత్రలోకి ఎక్కింది. 1997 ఏప్రిల్ 14 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆమె తన సంగతి స్వయంగా చెప్పుకుంది. ఆ నెల 30న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఆమె పాత్ర కూడా అదే మాట చెప్పింది. దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్నారు. రచనకు ఎమ్మీ అవార్డు, కార్యక్రమానికి పీబడీ అవార్డు వచ్చాయి.

చూసినవాళ్ల సంఖ్యను, మెచ్చినవాళ్ల తీర్పును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఈ కథ ఇక్కడ సుఖాంతం కావాలి. కానీ ప్రసారానికి ముందే క్రైస్లర్, జేసీ పెన్నీ, వెండీస్ వంటి పెద్ద ప్రకటనకర్తలు తప్పుకున్నారు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరపు స్థానిక కేంద్రం ఆ ఎపిసోడ్‌ను ప్రసారం చేయనంది. అప్పుడు ఆ ఊరివాళ్లు ఉపగ్రహం ద్వారా ప్రసారాన్ని ఒక ఆడిటోరియానికి తెప్పించుకుని, వేలమంది ఒకచోట కూర్చుని చూశారు. ‘మా ఊళ్లో ఒప్పుకోరు’ అని తలుపు మూసింది స్టేషన్, టికెట్ కొనుక్కుని కూర్చున్నది ఊరు. ఆ మరుసటి సీజన్‌లో ఛానెల్ యాజమాన్యం పిల్లలు చూసే విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలన్న హెచ్చరికను ఆమె కార్యక్రమానికి తగిలించింది. కథలు ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతున్నాయనీ, నవ్వు తగ్గిందనీ విమర్శ కూడా వచ్చింది. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదనే నా అభిప్రాయం. ఏమైనా, 1998లో కార్యక్రమం ఆగిపోయింది.

ఆ వెల ఒక్క ఎలెన్ మాత్రమే చెల్లించలేదు, ఈ సంగతి మనవాళ్లు సాధారణంగా చెప్పరు. ఆ ఎపిసోడ్‌లో ఆమె మనసు కదిలించిన స్త్రీగా నటించిన లారా డెర్న్ అప్పటికే పేరున్న నటి, స్వయంగా స్వలింగ ప్రేమికురాలు కాదు. ఆ తర్వాత ఏడాదికి పైగా తనకు పని దొరకలేదని ఆమె అనేకసార్లు చెప్పింది. పక్కన నిలబడ్డందుకే అంత అయింది. మన సమాజంలో వెలి ఎలా పనిచేసేదో తెలిసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. వెలివేసిన ఇంటికి నిప్పు, నీళ్లు ఇచ్చినవాడిదీ తప్పే కదా.

ఎలెన్ మళ్లీ నిలదొక్కుకోవడానికి 5 సంవత్సరాలు పట్టింది. 2003లో ఒక యానిమేషన్ చిత్రంలో మతిమరుపు చేపకు ఆమె గొంతు ఇచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో మొదలైన ఆమె మధ్యాహ్నపు ముచ్చట్ల కార్యక్రమం 2022 మే దాకా నడిచింది. గమనించండి, ఆమె తిరిగి వచ్చింది ముఖం కనిపించని గొంతుగా, ఆపైన ప్రేమకథలేని వ్యాఖ్యాతగా. ఆమె గురించి వేరే ఫిర్యాదులు 2020లో వచ్చాయి, అవి ఆమె కార్యక్రమంలో పనిచేసినవాళ్ల పట్ల జరిగిన వ్యవహారానికి సంబంధించినవి. వాటిని ఈ విషయంతో కలపడం న్యాయం కాదు, వాటిని దాచిపెట్టడమూ న్యాయం కాదు.

ఎలెన్ కార్యక్రమం ఆగిపోయిన ఏడాదే, 1998 సెప్టెంబరులో, మరొక ఛానెల్‌లో ‘విల్ అండ్ గ్రేస్’ మొదలైంది. అందులో ఇద్దరు ముఖ్యపాత్రలు స్వలింగ ప్రేమికులు. ఆ ధారావాహిక ఎంత దూరం వెళ్లిందంటే, అమెరికా ప్రజలకు ఈ విషయం తెలియజెప్పడంలో దానంత పని మరేదీ చేయలేదేమోనని 2012 మే నెలలో అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ టీవీలో అన్నారు. అయితే విల్ పాత్రధారి ఎరిక్ మెకార్మాక్ స్వలింగ ప్రేమికుడు కాదు. రెండో పాత్ర వేసిన షాన్ హేస్ స్వలింగ ప్రేమికుడే గానీ, ఆ మాట బహిరంగంగా చెప్పింది 2010లో, ధారావాహిక మొదటి విడత ముగిసిన నాలుగేళ్లకు. అంటే పాత్ర నోరు విప్పింది, పాత్రధారి నోరు మూసుకున్నాడు. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ నీల్ పాట్రిక్ హారిస్. ఆయన 2006లో తన సంగతి చెప్పేసి, ఆ తర్వాత 2014 దాకా ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ అనే మరొక ధారావాహికలో ఆడవాళ్ల వెంటపడే బార్నీ పాత్ర వేసి జనాన్ని నవ్వించారు. చెబితే ప్రేక్షకుడు ప్రేమసన్నివేశాన్ని నమ్మడని నిర్మాతలు చెప్పుకునే సిద్ధాంతాన్ని ఈ ఒక్క పాత్రే వారం వారం పరీక్షకు పెట్టింది.

మరి అందరికీ అలాగే జరిగిందా అంటే లేదు. బ్రిటిష్ నటుడు ఇయాన్ మెకెల్లెన్ 1988లో, బ్రిటన్ ప్రభుత్వం స్వలింగ ప్రేమ గురించి స్థానిక సంస్థలు మంచిమాట చెప్పకూడదన్న చట్టం తెస్తున్నప్పుడు, బీబీసీ రేడియోలో వాదిస్తూ తన సంగతి చెప్పారు. అప్పటికి ఆయన వయసు 48. 1991లో సర్ బిరుదు వచ్చింది, అరవై దాటాక ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాల్లో మాంత్రికుడు గాండాల్ఫ్ వేషంతో ప్రపంచమంతా ఆయన్ను గుర్తుపట్టింది. అదే దేశం నుంచి రూపర్ట్ ఎవరెట్ అనే అందగాడు ఆ మాటే చెప్పి, కథానాయకుడి స్నేహితుడి పాత్రలకు పరిమితమయ్యానని బాధపడి, యువనటులకు చెప్పవద్దనే సలహా కూడా ఇచ్చారు. తేడా ప్రతిభలో లేదు. మెకెల్లెన్ నుంచి ప్రేక్షకులు కోరింది రాజును, మాంత్రికుణ్ణి, విలన్‌ను. ఎవరెట్ నుంచి కోరింది ప్రియుణ్ణి. ప్రియుడి పాత్ర అమ్ముకునే నటుడి సరుకు నటన ఒక్కటే కాదు. చూసే ఆడపిల్ల మనసులో పుట్టే ‘ఒకవేళ నాకే దొరికితే’ అన్న ఊహ కూడా అందులో ఉంది. ఆ ఊహకు దెబ్బ తగులుతుందని నిర్మాత భయం. మన హీరోల పెళ్లి వార్తలను కూడా ఒకప్పుడు ఎంత జాగ్రత్తగా వాయిదా వేసేవారో గుర్తు తెచ్చుకుంటే ఈ భయం మనకు కొత్తది కాదని తెలుస్తుంది.

మన దేశంలోకి వస్తే, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చేదాకా ఈ వెల్లడికి వృత్తినష్టంతోపాటు జైలుభయం కూడా జతై ఉండేది. తన సంగతి అందరికీ తెలుసుననీ, కానీ ఆ మాట పెదాల మీదికి తెస్తే ఈ దేశంలో జైలుకు పంపగలరనీ కరణ్ జోహార్ 2017లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నది ఆ కాలపు పరిస్థితికి సరైన అద్దం. అటువంటప్పుడు కూడా టీవీలో ఇటాలియన్ వంటలు చూపించి ఇంటింటా తెలిసిన రీతూ డాల్మియా, భరతనాట్య కళాకారుడు నవ్‌తేజ్ జోహార్ తదితరులు 2016లో ఆ సెక్షన్‌ను సవాలు చేస్తూ తమ పేర్లతోనే పిటిషన్ వేశారు. కోర్టులో తీర్పు ఇవాళ ఆ నాట్యాచార్యుడి పేరుతోనే పిలవబడుతోంది. నా లెక్కలో ఇది ఏ ముఖచిత్రానికీ తీసిపోని వెల్లడి. ఎందుకంటే వాళ్లు అఫిడవిట్ మీద సంతకం పెట్టారు.

మన పొరుగు రాష్ట్రం ఒడిశా అమ్మాయి, హైదరాబాద్‌లో శిక్షణ పొందిన పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019 మే నెలలో తాను మరో యువతిని ప్రేమిస్తున్నానని చెప్పింది. సొంత ఊళ్లోనే ఎదురుదెబ్బ తగిలింది. అయినా ఆ జూలైలోనే ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 100 మీటర్లను 11.32 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది. స్టాప్‌వాచ్‌కు ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు. నటికి ఆ సౌకర్యం లేదు, ఆమె గడియారం ఇంకొకరి చేతిలో ఉంటుంది. అలాగే సూదీ దారానికీ అభిప్రాయాలుండవు. 2021 జనవరిలో తాను ట్రాన్స్ మహిళనని, అంటే పుట్టినప్పుడు మగపిల్లవాడని రాసినా తాను స్త్రీనేనని చెప్పిన సైషా శిండే కుట్టిన దుస్తుల్లోనే ఆ డిసెంబరులో హర్నాజ్ సంధు విశ్వసుందరి కిరీటం పెట్టుకుంది. మన సినీ, టీవీ పరిశ్రమల్లో ఇటువంటివాళ్లు మేకప్ గదుల్లో, కాస్ట్యూమ్ విభాగంలో, నృత్యదర్శకత్వంలో ఎంత సహజంగా ఉన్నారో, కెమెరా ముందుకు వచ్చేసరికి అంతగా మాయమవుతారు. వెనుక ఉంటే కళాకారుడు, ముందుకొస్తే సమస్య.

ఇక్కడ ఒక బెంగాలీ సంగతి చెప్పాలి. దర్శకుడు ఋతుపర్ణ ఘోష్ తన స్త్రీత్వాన్ని మాటలోనూ, దుస్తుల్లోనూ దాచుకోలేదు. మన హైదరాబాద్ నుంచి పుట్టిన ఈటీవీ బంగ్లాలో కూడా ఆయన ముచ్చట్ల కార్యక్రమం నడిపారు. ఆయన మాటతీరును మీర్ అనే హాస్యకారుడు టీవీలో అనుకరించి నవ్వించేవాడు. ఋతుపర్ణ తర్వాత తాను నడిపిన మరో కార్యక్రమానికి ఆ మీర్‌నే అతిథిగా పిలిచి, కెమెరాల ముందే అడిగారు. మీరు అనుకరిస్తున్నది నన్నా, లేక ఆడతనం ఉన్న మగవాళ్లందరినా, నేనైతే తట్టుకుంటాను, నాలాగే ఉండి నా పేరుప్రఖ్యాతులు లేనివాళ్లు వీధిలో ఏమవుతారో ఆలోచించారా అన్నది ఆ ప్రశ్నల సారాంశం. 2013లో, యాభై నిండకుండానే ఆయన వెళ్లిపోయారు. తార తన కుర్చీని దేనికి వాడవచ్చో చెప్పడానికి నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి అరగంట భారతీయ టెలివిజన్‌లో లేదు.

ఇక మన తెలుగు. ఇక్కడే నాకు ఎక్కువ ఆసక్తి. స్త్రీ వేషం వేసిన పురుషుణ్ణి తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్నంతగా బహుశా ఎవరూ పెట్టుకోలేదు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా స్థానం నరసింహారావుగారు నడిచి వస్తే ఇళ్లలోని ఆడవాళ్లు ఆయన చీరకట్టును, నడకను నేర్చుకున్నారని పెద్దలు చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో భామగా వేదాంతం సత్యనారాయణశర్మగారు జడ ముందుకు వేసుకుని తెర మీదుగా తొంగిచూస్తే సభ సభంతా ఊపిరి బిగపట్టేది, ఆయనకూ 1970లో పద్మశ్రీ వచ్చింది. ‘నర్తనశాల’లో ఎన్.టి. రామారావుగారు బృహన్నల వేషం వేస్తే ఆయన మగతనానికి ఎవరూ తక్కువ కట్టలేదు. ఎందుకని? రంగు కడుక్కుంటే కింద ఎవరున్నారో ప్రేక్షకుడికి భరోసా ఉంది. అజ్ఞాతవాసం ఏడాది దాటితే గాండీవం చేతికొస్తుందని అందరికీ తెలుసు.

ఈ సంప్రదాయపు చివరి కొసన, బాగా అరిగిపోయిన రూపంలో, 2013 నుంచి ఈటీవీలో నడుస్తున్న ‘జబర్దస్త్’ లేడీ గెటప్‌లు ఉన్నాయి. గెటప్ అన్న మాటలోనే ఒప్పందం ఉంది, ఇది పైపూత మాత్రమే అని. ఆ స్కిట్లలో చీర కట్టి నవ్వించిన సాయితేజ తర్వాత శస్త్రచికిత్స చేయించుకుని ప్రియాంక సింగ్‌గా మారి, 2021లో ‘బిగ్ బాస్’ తెలుగు ఐదో సీజన్‌కు ఆ పేరుతోనే వెళ్లింది, పదమూడో వారం దాకా నిలిచింది. తండ్రి తనను కూతురిగా ఒప్పుకున్న మాటలు ఆమె ఆ ఇంట్లోనే విని ఏడ్చింది. ఆ ఏడుపులో మా ఇంట్లో కూడా టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. అంతకుముందు 2019లో మూడో సీజన్‌కు తమన్నా సింహాద్రి వైల్డ్ కార్డుతో వెళ్లారు. అంటే ‘బిగ్ బాస్’ ఇంట్లో చోటుంది. ఆ ఇల్లు నూరు రోజుల ఇల్లు. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే సీరియల్ ఇల్లుందే, అత్తా కోడలూ మెట్లూ పూజగదీ ఉన్న ఇల్లు, అందులో మాత్రం వీళ్లెవరికీ గుమ్మం దాటే పాత్ర దొరకదు. వస్తే పెళ్లిపందిరి దగ్గర దీవించడానికి వస్తారు, లేదా కథానాయకుణ్ణి రైల్లో ఆటపట్టించడానికి వస్తారు. తనను తాను ప్రదర్శించుకోవడానికి పిలిచే టీవీ, ఒక అక్కగానో టీచరుగానో నటించడానికి పిలవదు.

హిందీలో ఒక అడుగు ముందుకు పడింది. కలర్స్ ఛానెల్‌లో 2016 నుంచి 2021 వరకు నడిచిన ‘శక్తి’లో కథానాయికే కిన్నర్, అంటే హిజ్రా. ఐదేళ్లు జనం చూశారు. అయితే ఆ పాత్ర వేసింది రుబీనా దిలైక్, ఆ జీవితం ఆమెది కాదు. తమిళంలో మరొక రకం అడుగు పడింది. 2008లోనే విజయ్ టీవీ రోజ్ వెంకటేశన్ అనే ట్రాన్స్ మహిళ చేతికి ఒక కార్యక్రమాన్నే అప్పగించింది, దాని పేరు ‘ఇప్పడిక్కు రోజ్’. మన ఉత్తరాల చివర రాసుకునే ‘ఇట్లు’ అన్నమాట. ఇట్లు, రోజ్. సంతకంగా పెట్టిన ఆ పేరు నాకు చాలా ఇష్టం. 2014 ఆగస్టులో కోయంబత్తూరు ఛానెల్ ఒకటి పద్మిని ప్రకాశ్‌ను వార్తలు చదవడానికి కూర్చోబెట్టింది. ఆమె తన కథ చెప్పలేదు, వార్తలు చదివింది.

పాశ్చాత్య టీవీలో పాత్రధారి కోసం పాత్రను మార్చిన సందర్భం కూడా ఉంది. ఎలియట్ పేజ్ 2020 డిసెంబరులో తాను ట్రాన్స్ అని చెప్పాక, నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక ‘అంబ్రెల్లా అకాడమీ’ 2022లో వచ్చిన మూడో సీజన్‌లో ఆయన పాత్ర వాన్యాను విక్టర్‌గా మార్చుకుంది, కథ ఆగలేదు. మన సీరియళ్లలో దీనికి తలకిందుల పద్ధతి ఉంది. పాత్రధారి సోమవారం నుంచి మారిపోతాడు, పాత్ర మాత్రం చెక్కుచెదరదు, కొత్త ముఖాన్ని చూసి తల్లి కూడా ఆశ్చర్యపోదు (నవ్వులు). మనుషులను మార్చేయడం తేలికనీ, కథను మార్చడం కష్టమనీ నమ్మే పరిశ్రమలో ఎవరు నోరు విప్పుతారు?

లెక్కలు అడుగుతారని తెలుసు. అమెరికాలో గ్లాడ్ అనే సంస్థ ఏటా టీవీలో స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్ మనుషుల పాత్రలను లెక్కపెడుతుంది. ప్రధాన ఛానెళ్ల ధారావాహికల్లో నిత్యం కనిపించే పాత్రల్లో ఇటువంటివి 2021–22లో 11.9 శాతానికి చేరాయి. 2023–24 నాటికి 8.6 శాతానికి తగ్గాయి. ఆ మధ్యలో రచయితల, నటుల సమ్మెలు వచ్చాయి, చాలా ధారావాహికలు ఆగిపోయాయి. ముందుగా తెగేది ఏ పాత్రల మెడ అన్నది ఆ రెండు అంకెల మధ్య కనిపిస్తుంది. మన తెలుగులో ఇటువంటి లెక్క వేయాలంటే ఒక చేతి వేళ్లు ఎక్కువవుతాయి. సినిమాలో 2018లో వచ్చిన ‘అ!’ వంటి చిత్రం ఇద్దరమ్మాయిల ప్రేమను వెకిలి లేకుండా చూపించింది, దాన్ని మెచ్చుకోవాలి.

హాస్యం కోసమే ఒక మనిషిని తెరకెక్కించడం అంటే ఏమిటో ఈ ఊళ్లో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. దశాబ్దాలపాటు మన ఉత్తరాంధ్ర యాస తెర మీద ఎవరి నోట వినిపించింది? వాచ్‌మన్ నోట, పనిమనిషి నోట, తెలివితక్కువ బావమరిది నోట. శ్రీకాకుళం నుంచి వచ్చిన కలెక్టరు కూడా, డాక్టరు కూడా ఆ యాసలోనే మాట్లాడతారన్న సంగతి మన రచయితలకు తట్టలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిన మన పిల్లలు తొలి నెలలోనే యాస దాచుకోవడం నేర్చుకున్నారు. యాస దాచుకోవడమూ, ప్రేమ దాచుకోవడమూ ఒకటి కాదు. యాస బయటపడితే నవ్వుతారు, ప్రేమ బయటపడితే ఇల్లు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. అయినా, నవ్వుల పాత్ర తప్ప మరొకటి లేకుండా పెరిగితే నోరు ఎలా కట్టుకుపోతుందో మనకు లోపలినుంచి తెలుసు.

నా దగ్గరకు రెండు చీటీలు వచ్చాయి. మొదటిదాంట్లో, ‘మన తెలుగు హీరోల్లో ఎవరో కూడా చెప్పండి’ అని రాశారు. చెప్పను. ప్రథమశ్రేణి తెలుగు కథానాయకులెవరూ ఈ మాట చెప్పుకోలేదు, ఇంకొకరి గురించి ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. యూట్యూబ్‌లో ఎర్ర వలయం గీసి, బాణం గుర్తు పెట్టి చేసే థంబ్‌నెయిల్ వ్యాపారం ఈ ప్రశ్న మీదే నడుస్తోంది. 2000 సంవత్సరంలో గాయకుడు రికీ మార్టిన్‌ను ప్రఖ్యాత విలేకరి బార్బరా వాల్టర్స్ టీవీలో ఇదే విషయంపై గుచ్చి గుచ్చి అడిగింది, అతను తప్పించుకున్నాడు. పదేళ్ల తర్వాత, 2010లో, అతను తన ఇష్టంతో, తన వెబ్‌సైట్‌లో చెప్పుకున్నాడు. ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది కాదని ఆ ఏడాదే వాల్టర్స్ కూడా ఒప్పుకుంది. తానే చెప్పుకోవడానికీ, చెప్పించడానికీ మధ్య ఆ పదేళ్లున్నాయి.

రెండో చీటీలో, ‘మన ప్రేక్షకులు ఇటువంటివి ఆమోదించడానికి సిద్ధంగా ఉన్నారా’ అని ఉంది. దీనికి జవాబుగా మొదట సగం చెప్పిన సంగతి పూర్తి చేస్తాను. మా పాటల కార్యక్రమానికి ఒక రిజిస్టరు ఉండేది. ఎవరు ఫోన్ చేశారు, ఏ పేట నుంచి, ఏ పాట అడిగారు అని మూడు గళ్లు. ఆ కుర్రవాణ్ణి తీసేశాక దాదాపు మూడు నెలలపాటు పాట రాయాల్సిన గడిలో మా ఆపరేటరు అమ్మాయి ఒకే వాక్యం రాస్తూ వచ్చింది, ‘పాత బాబు ఏడీ అని అడిగారు’ అని. వన్ టౌన్ నుంచి, గాజువాక నుంచి, పెందుర్తి నుంచి, ఒకటి రెండు సింహాచలం కొండ కింది ఇళ్ల నుంచి. ఆ రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. మేమెవరమూ దాన్ని ఆ బట్టల దుకాణం యజమానికి చూపించలేదు.